చివరి బెంచీలో పాడినవాడు

మంగళవారం పొద్దున నేను డ్యూటీకి వెళ్ళేసరికి నాలుగో నంబరు మంచం మీద వేరే మనిషి పడుకుని ఉన్నాడు. దుప్పటి మార్చారు. మిషను అప్పటికే తిరుగుతోంది. నాకంటే ముందొచ్చిన చిన్న సిస్టర్ రిజిస్టరులోంచి తలెత్తకుండా, "ఆయన మొన్న ఆదివారం పోయిండంట మేడం" అంది.

"ఎవరు?" అన్నాను, తెలిసే.

"అదే మేడం, మీ చర్చాయన. నవ్వేటాయన."

పటాన్‌చెరులో మా డయాలసిస్ వార్డుకి పన్నెండు మంచాలు. వారానికి రెండు మూడుసార్లు వచ్చి, నాలుగేసి గంటలు రక్తం శుభ్రం చేయించుకుని పోయేవాళ్ళలో నవ్వేవాళ్ళు తక్కువ. అందుకే ఆ పిల్లకు పేరు చెప్పాల్సిన అవసరం రాలేదు. నేను మా అమ్మాయి కాలేజీ పని మీద మూడు రోజులు ఊళ్ళో లేను. ఆ మూడు రోజుల్లోనే అతను పోవడమూ, సోమవారం మట్టి చేయడమూ కూడా అయిపోయాయి.

ఆ రోజు పనంతా చేశాను. సూదులు గుచ్చాను, బరువులు రాసుకున్నాను, ఒకాయనకు బీపీ పడిపోతే కాళ్ళు ఎత్తి పెట్టాను. ఏడుపు వస్తే డ్యూటీ దిగేదాకా ఆపుకోవడం ఇన్నేళ్ళ ఉద్యోగంలో అలవాటైంది. ఈసారి డ్యూటీ దిగాక కూడా రాలేదు. అలసట మాత్రం వచ్చింది. బస్టాపు దాకా నడవలేక ఆసుపత్రి మెట్ల మీద కాసేపు కూర్చున్నాను.

అతని పేరు ఇక్కడ రాయను. రాస్తే పాశమైలారం చుట్టుపక్కల కనీసం నలుగురైదుగురు ఆడవాళ్ళు ఇంట్లో జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. అందులో నేనూ ఒకదాన్ని.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు మా నాన్న పాశమైలారం కంపెనీల దగ్గరి ఒక ఊళ్ళో పాస్టరు. అందరూ అయ్యగారు అనేవాళ్ళు. మా అమ్మ అమ్మగారు. నన్ను పాప అనో, పేరు పెట్టో పిలిచేవాళ్ళు. అతనొక్కడే నన్ను "చిన్నమ్మగారూ" అని పిలిచేవాడు. తల కొంచెం వంచి, పెద్ద గౌరవం నటిస్తూ. అప్పటికి అతనికి ఇరవై నాలుగో ఇరవై అయిదో. కంపెనీలో కాంట్రాక్టు మీద బాయిలరు దగ్గర పని. ఆదివారం మాత్రం చర్చిలో డోలక్ వాయించేవాడు, పాట ఎత్తుకునేవాడు.

అందగాడా అంటే, చెప్పడం కష్టం. సన్నగా, నల్లగా ఉండేవాడు. ముందు పళ్ళలో ఒకటి పక్కదాని మీదికి కొద్దిగా ఎక్కి ఉండేది. తెల్లచొక్కా చేతులు రెండు మడతలు పైకి మడిచేవాడు, మూడో మడత ఎప్పుడూ వేసేవాడు కాదు. ఆరాధనకు ఎప్పుడూ ఒక పాట ఆలస్యంగా వచ్చేవాడు. మలుపు దగ్గరే బండి ఇంజను ఆపేసి, చప్పుడు కాకుండా జారుకుంటూ గేటు దాకా వచ్చేవాడు. చప్పుడు లేకపోయినా ఆడవాళ్ళ వైపు కూర్చున్న మాకందరికీ తెలిసేది. చాప మీద పక్కనున్న అమ్మాయి జడ ముందుకు వేసుకుందంటే అతను గేటు దాటాడన్నమాట.

కానీ అసలు ఆకర్షణ అతని మొహంలో కాదు, వినడంలో ఉంది. మనం మాట్లాడితే అంతకు ముందు తనతో ఎవరూ మాట్లాడనట్టు వినేవాడు. ముసలమ్మలు మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పినా అలాగే వినేవాడు. ఇంకొకటి కూడా ఉంది, అది నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ అర్థం కాలేదు. ఒక ఆదివారం నేను చర్చి ప్రహరీ వెనక్కి వెళ్తే అక్కడ బీడీ కాలుస్తూ దొరికాడు. పారేయలేదు. "చిన్నమ్మగారూ, అయ్యగారికి జెప్పకుండ్రి. దేవునికి ఎట్లాగు ఎర్కే" అన్నాడు. ఆ రహస్యం నా ఒక్కదానిదే అనుకుని ఎన్ని నెలలు మోశానో. తర్వాత తెలిసింది, ఒకమ్మాయికి సినిమా టికెట్టు కనిపించింది, ఇంకొకరికి చెయ్యి మీద పచ్చబొట్టు కనిపించింది. ప్రతి ఒక్కరికీ తన తప్పు ఒకటి చూపించి, ఎవరికీ చెప్పొద్దనేవాడు. ఇప్పుడు తలచుకుంటే కోపం రావాలి. రాదు. అంత పెద్ద వలేమీ కాదు అది. మేమే వెళ్ళి పడ్డాం.

పాటలన్నీ ముందుండి పాడే ఆ మనిషి బాప్తిస్మం తీసుకోలేదు. మా సంఘంలో బాప్తిస్మం అంటే నీళ్ళలో పూర్తిగా ముంచి లేపడమే. అది తీసుకోని వాళ్ళకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. అందరూ లేచి బల్ల దగ్గరికి వెళ్తుంటే అతను డోలక్ ముందు కూర్చుని తాళ్ళు బిగించుకునేవాడు. మా అమ్మ ఒకసారి అడిగింది.

"ఎప్పుడు తీస్కుంటవ్ కొడుకా? ఈడు ముదురుతున్నది."

"దేవునికి నాకు ఇంక మాటలు నడుస్తున్నయ్ అమ్మగారూ. తెగనియ్యుండ్రి, చెప్త."

పెద్దవాళ్ళు అతని బాప్తిస్మం కోసం ప్రార్థన చేసేవాళ్ళు. మా వయసు వాళ్ళం కూడా అతని కోసమే ప్రార్థన చేసేవాళ్ళం, విషయం వేరు.

ఒకప్పుడు మా ఊళ్ళో బాప్తిస్మాలు వాగులోనే ఇచ్చేవారు. నేను పుట్టకముందు సంగతి. పైన కంపెనీలు వచ్చాక ఆ నీళ్ళు ఒకరోజు టీ రంగులో, ఒకరోజు తుప్పు రంగులో పారేవి. ఒడ్డున నురగ గట్టిపడి ఉండేది. బావుల్లో నీళ్ళు కూడా వాసన వచ్చేవి. పిల్లల కాళ్ళ మీద దద్దుర్లు ఎన్ని మందులు రాసినా పోయేవి కావు. చర్చి ఆవరణలో సిమెంటు తొట్టి కట్టారు. బాప్తిస్మం ఉన్న రోజు ఒక కంపెనీ తన ట్యాంకరుతో మంచినీళ్ళు పంపి ఆ తొట్టి నింపేది. చర్చికి మైకు సెట్టు కూడా వాళ్ళిచ్చిందే. మా సంఘ పెద్ద ఆ కంపెనీకి కూలీలను పంపే కాంట్రాక్టరు. ఊళ్ళో సగం ఇళ్ళకు ఆయన చేతి కిందే పని. అందుకని నీళ్ళ గురించి ఇళ్ళలో ఎంత మాట్లాడుకున్నా, చర్చిలో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. మా నాన్న కూడా మాట్లాడలేదు. ఆయన మెత్తని మనిషి. పిల్లిని కూడా గట్టిగా అదిలించేవాడు కాదు.

ఒక ఆదివారం నాన్న, వచ్చే నెల బాప్తిస్మాలు ఉంటాయి, పేర్లు ఇవ్వండని ప్రకటించాడు. అతను డోలక్ పక్కన పెట్టి లేచాడు.

"అయ్యగారూ, నా పేరు రాస్కోండ్రి."

ముసలమ్మలు గట్టిగా స్తోత్రం చెప్పారు. ఒకామె ఏడ్చేసింది. అతను చెయ్యెత్తి ఆగమన్నాడు.

"ఒక్క మాట. నేను తొట్టిల మునగ. మా తాత మునిగిన కాడ మునుగుత. వాగుల."

సంఘ పెద్ద కూర్చున్న చోటునుంచే, "ఆ వాగుల బర్రెలు గూడ దిగుతలేవు. నీకేమన్న పిచ్చి లేసిందా?" అన్నాడు.

"బర్రెలు గూడ దిగకుంట ఎందుకైనయ్ పెద్దయ్యా ఆ నీళ్ళు? గదే అడుగుతున్న."

"మందిరంల కంపెనీ ముచ్చట్లు వద్దు."

"కంపెనీ ట్యాంకరు మందిరం లోపట్కి వస్తది గద. ముచ్చట ఒక్కటే రావద్దా?"

ఎవరో నవ్వి ఆపుకున్నారు. అందరూ మా నాన్న వైపు చూశారు. ఆయన బైబిలు మూసి, మళ్ళీ తెరిచి, ఏ పేజీ కూడా చూడకుండా, "వాక్యంలో తొట్టి లేదు. నది ఉంది. వాగులోనే ఇద్దాం" అన్నాడు. నాన్నను ఇరికించాడని నాకు ఆ క్షణమే అనిపించింది. అయినా నా కళ్ళు అతని మీదనే ఉన్నాయి.

బాప్తిస్మం రోజు వాగు ఒడ్డున తిరునాళ్ళలా జనం చేరారు. చర్చి వాళ్ళే కాదు, వాగు పక్క పొలాలున్న సాయిబుల ఇంటివాళ్ళు, ఊరి దుకాణాల వాళ్ళు, కంపెనీ కూలీ గదుల్లో ఉండే ఒడిశా వాళ్ళు, బీహారు వాళ్ళు. కెమెరా పట్టుకుని ఒక విలేఖరి. తువ్వాలు పట్టుకుని నేను నీళ్ళకు దగ్గరగా నిలబడ్డాను, పాస్టరు బిడ్డగా అది నా పని. అందుకే అతను నాన్నతో మెల్లగా అన్న మాట నాకు వినిపించింది.

"అయ్యగారూ, మీరు గట్టు మీదనే ఉండుండ్రి. నేనే మునుగుత. మీరు మాట చెప్పుండ్రి చాలు."

నాన్న పంచె మోకాళ్ళ పైకి కట్టి, చెప్పులు విడిచి, వాగులోకి దిగాడు. తండ్రి పేరున, కుమారుని పేరున అంటూ అతని తల పట్టుకుని ముంచాడు. అతను పైకి లేచేసరికి తెల్లచొక్కా మీద తుప్పు రంగు చారలు దిగుతున్నాయి. కళ్ళు ఎర్రగా అయిపోయాయి. దగ్గుతూ ఒడ్డుకు వచ్చి నా చేతిలో తువ్వాలు తీసుకుని, "చిన్నమ్మగారూ, పాపాలు పోయినయో లేదో గని, రంగైతే అంటింది" అన్నాడు.

ఒడ్డున ఎవరూ పాట అందుకోలేదు. అందుకోవాల్సిన మనిషి దగ్గుతున్నాడు. తర్వాత అతనే మొదలుపెట్టాడు, బొంగురు గొంతుతో. అందరం పాడాం. ఏ మతమో కూడా తెలియని ఒడిశా కూలీలు చప్పట్లు కొట్టారు. ఆ సమయంలో అతను చెయ్యి పట్టుకుని రమ్మంటే నేను వెనక్కి చూడకుండా వెళ్ళేదాన్ని. రమ్మనలేదు. ఎవరినీ రమ్మనలేదు.

మర్నాడు పేపరులో జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. అధికారులు వచ్చి వాగు నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు. ఆ సీసాలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. ఒక వర్షాకాలం నీళ్ళు కొంచెం తేటగా పారాయి, తర్వాత మళ్ళీ మామూలే. కంపెనీ గేటు దగ్గర అతనికి పని లేదన్నారు. ఇంకో గేటుకు వెళ్తే అక్కడా లేదన్నారు. సంఘంలో కలహం పెట్టాడని పెద్దలు అతని దగ్గరినుంచి డోలక్ తీసుకున్నారు. నాన్నకు నెలల తరబడి మోకాళ్ళ దాకా దురద, పుళ్ళు. అమ్మ రోజూ కొబ్బరినూనె రాసేది. మూడు నెలలకు ఆయనకు బదిలీ వచ్చింది, నారాయణఖేడ్ అవతల కర్ణాటక సరిహద్దులో ఒక పల్లెకు.

సామాను ఎక్కించే రోజు అతను పిలవకుండానే వచ్చాడు. బీరువా ఒక్కడే వీపు మీద మోసి వ్యానులో పెట్టాడు. నేను మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఆ గొడవలో నా నర్సింగు చదువు ఏడాది ఆగిపోయింది, ఆ కోపం ఉంది. వ్యాను కదిలేముందు నాన్న కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి అతని చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. అంత నష్టం చేసినవాడిని కూడా క్షమించగలిగాడే మా నాన్న అనుకున్నాను. ఆరేళ్ళకు ఆ పల్లెలోనే ఆయన గుండె ఆగింది.

నేను పెళ్ళి చేసుకుని, ఊళ్ళు తిరిగి, అమ్మను వెంటబెట్టుకుని మళ్ళీ పటాన్‌చెరు వచ్చి ఎనిమిదేళ్ళవుతోంది. వచ్చిన కొత్తలో ఒక ఆదివారం పాత చర్చికి వెళ్ళాను. ముందు వరసలో కీబోర్డు, డ్రమ్ములు, యూనిఫారాలు వేసుకున్న గాయక బృందం. పాట మొదలైంది. రెండో చరణంలో వాళ్ళ రాగం ఎటో లాగినట్టు కొద్దిగా పక్కకు జరిగింది. వెనక్కి తిరిగి చూశాను. చెప్పులు విడిచే చోటు పక్కన, చివరి బెంచీలో కూర్చుని అతను పాడుతున్నాడు. జుట్టు పలచబడింది. పొట్ట వచ్చింది. చొక్కా చేతులు రెండే మడతలు. అన్నేళ్ళుగా ప్రతి ఆదివారం అక్కడే కూర్చుంటున్నాడట. గాయక బృందంలోకి మళ్ళీ తీసుకోలేదు, అతను అడగనూ లేదు. చర్చి మారొచ్చు కదా అంటే, "ఈడ మునిగిన, ఈడనే తేల్త" అనేవాడట.

అతని పెళ్ళి మా ఎవరి ఊహకూ అందని మనిషితో అయింది. పాశమైలారంలో కంపెనీ గేటు ఎదురుగా ఇడ్లీ బండి నడిపేది ఆమె. భర్త పోయిన మనిషి, అతని కంటే పెద్దది, చర్చి మొహం చూడనిది. పని పోయిన రోజుల్లో అతను ఆ బండి దగ్గర పళ్ళేలు కడిగాడట. తర్వాత అమీన్‌పూర్ అపార్టుమెంట్ల పిల్లలను దింపే స్కూలు వ్యాను నడిపాడు. ఆ పిల్లల తల్లులు కూడా వ్యాను వచ్చే వేళకు జుట్టు సరిచేసుకునేవాళ్ళని ఆమే నాతో నవ్వుతూ చెప్పింది.

రెండేళ్ళ కిందట కిడ్నీలు పాడై మా వార్డుకు వచ్చాడు. నన్ను చూసి, తల వంచి, "చిన్నమ్మగారూ, ఇగ మీ చేతికే చిక్కిన" అన్నాడు. వారానికి రెండుసార్లు. చిన్న సిస్టర్లు అతని మంచం తమ వైపు రావాలని పోట్లాడుకునేవాళ్ళు. సూదులు గుచ్చే చెయ్యి వాళ్ళకిచ్చి, వాళ్ళ పెళ్ళి సంబంధాల సంగతులు వినేవాడు. మొహం ఉబ్బిపోయి, చర్మం బూడిద రంగుకు తిరిగినా వినడం మాత్రం అదే వినడం.

చెప్పినట్టు మాత్రం వినేవాడు కాదు. రోజుకు ఇన్నే నీళ్ళు తాగాలంటే, బరువు చూసేసరికి మూడు కిలోలు ఎక్కువ ఉండేవాడు.

"ఎన్ని గ్లాసులు తాగిండ్రు?"

"నీళ్ళు ముట్టలే చిన్నమ్మగారూ. పుచ్చకాయ తిన్న."

ఆదివారం మిషను ఖాళీ ఉంది రమ్మంటే రాడు. ఆదివారం చర్చి. దేవుడు ఒక్కవారం ఓర్చుకుంటాడని డాక్టరు చెబితే, ఆయన ఓర్చుకుంటాడు గానీ తాను ఓర్చుకోలేనని నవ్వించి పంపేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు అయ్యాక ఊపిరి ఆడక వచ్చిన మనిషిని చూసుకోవాల్సింది మేము.

పోయిన వానాకాలం ఒకరోజు అలాగే వచ్చాడు. వరసగా రెండుసార్లు ఎగ్గొట్టి, ఊపిరి అందక, భార్య భుజం మీద వాలి. నేను అప్పటికి ఒక డ్యూటీ చేసి, రావాల్సిన సిస్టర్ రాకపోతే రెండోది చేస్తున్నాను. మిషనుకు తగిలించాక మనిషి తేరుకున్నాడు. తేరుకున్న వెంటనే మళ్ళీ అదే నవ్వు. "భయపెట్టిన్నా చిన్నమ్మగారూ?" అన్నాడు.

నాలో ఏదో తెగింది.

"మీకు అన్నీ ఆటనే. చూసెటోళ్ళు ఉంటె చాలు, ఎందుట్లనైనా దిగుతరు. ఆనాడు వాగుల మా నాయినను గూడ దింపిండ్రు. చప్పట్లు మీకు, పరాయి ఊరు ఆయనకు. ఆ పుళ్ళతోనే ఊరు ఇడిసి పోయిండు. సచ్చేదాక మళ్ళ ఈ దిక్కు రాలే. ఒక్కనాడన్న మీకు తప్పనిపించిందా?"

వార్డు మొత్తం వినిపించింది. పక్క మంచం ఆయన కళ్ళు మూసుకున్నాడు. అతని భార్య టిఫిన్ డబ్బా పట్టుకుని పక్కనే ఉంది. ఏదో అనబోయింది. అతను సూదులు లేని చెయ్యి కొంచెం పైకి ఎత్తాడు. ఆమె ఆగిపోయింది. మొదటిసారి అతను నవ్వలేదు.

"అవు చిన్నమ్మగారూ" అన్నాడు. "తప్పు నాదే. మాఫ్ చెయ్యుండ్రి."

నేను మాఫ్ చేశానని అనలేదు. బీపీ చూసి రాసుకుని వెళ్ళిపోయాను. అంతమందిలో అడిగేశాననే తృప్తి రెండు రోజులు ఉంది, దాపరికం ఎందుకు.

ఆ తర్వాత అతను ఒక్కరోజు కూడా ఎగ్గొట్టలేదు. నీళ్ళు కొలిచి తాగాడు. ఆదివారం మిషను ఇస్తే ఆదివారం కూడా వచ్చాడు. చెప్పిన మాట వింటున్న అతన్ని చూడటం నాకు ఎందుకో బాగుండేది కాదు. చిన్న సిస్టర్లు, "ఆయనకు ఏమైంది మేడం, చప్పగ అయిండు" అనేవాళ్ళు. నాలుగు నెలలు అలా గడిచాయి. చివరి ఆదివారం మిషను లేదు. చర్చికని తయారై, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ కూలబడ్డాడట.

మంగళవారం ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాను. చిక్కుడుకాయలు తుంచుతోంది. చేతులాగిపోయాయి. "అయ్యో కొడుకా" అంది. సొంత కొడుకు పోయినట్టు అంది. నాకు చిరాకేసింది.

"ఏం కొడుకమ్మా. నాయినను ఆ గతి చేసినోడు."

"ఇగ ఆపు బిడ్డా" అంది అమ్మ. చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు జరిపింది. "వాడు జెయ్యలే. మీ నాయిననే అడిగిండు."

నాకు అర్థం కాలేదు. అమ్మ నా మొహం చూడకుండా చెప్పుకుపోయింది.

"వానిని ఇంటికి పిలిచిండు. నా ముందటనే. నేనే ఛాయ్ పోసిన. 'నీళ్ళ సంగతి నేను అంటే నన్ను తీసేస్తరు, నాకు ఆడపిల్ల ఉన్నది. నువ్వంటె పదిమంది వింటరు. బాప్తిస్మం వాగులనే కావాలని నువ్వు అడుగు, నేను ఒప్పుకుంట' అన్నడు. కంపెనీల పని పోతదని వానికి తెల్వదా? తెల్సు. 'సరె అయ్యగారూ, ఎన్నడో ఒకనాడు మునగాల్సిందే గద' అని నవ్విండు. ఎవ్వరికీ చెప్పొద్దని మీ నాయిన మాట తీస్కున్నడు."

"మరి నాయిన ఎందుకు దిగిండు వాగుల?"

"గదే. వాడు ఒక్కడే దిగుతుంటె చూడలేకపోయిండు. గట్టు మీద ఉంటనని చెప్పి పోయిండు ఇంట్లకెల్లి."

"తర్వాతనన్న చెప్పొచ్చు గద."

"చెప్పాలె, చెప్పాలె అనుకుంటనే పోయిండు. ధైర్యం రాలే ఆయనకు."

"నువ్వు?"

"నీకు మీ నాయిన అంటె ఎంత గౌరవం. అది గూడ తీసేస్తె ఆయనకు ఏం మిగుల్తది అనుకున్న. నేను ఆ చర్చికి ఎందుకు వస్తలేననుకుంటున్నవు? కాళ్ళ నొప్పులు కావు బిడ్డా. వాడు ఆ బెంచిల కూసుంటడు గద. వాని మొకం ఎట్ల చూడాలె."

నాకు వార్డు గుర్తొచ్చింది, పైకి లేచిన ఆ చెయ్యి. నేను లేచి మొహం కడుక్కున్నాను. అమ్మ మీద అరవాలనిపించింది. ఆమె వయసు చూసి, నా ఓపిక చూసుకుని, అరవలేదు. పళ్ళెం నా ముందుకు లాక్కుని మిగిలిన చిక్కుడుకాయలు నేనే తుంచాను.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక అతని జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. కొత్త పాస్టరు చిన్నవాడు, పాత సంగతులు తెలియవు. ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నాడు. ఒకాయన లేచి మంచి గాయకుడన్నాడు. ఇంకొకాయన లేచి, కొంచెం తొందరపాటు ఉన్నా మంచి మనసున్నవాడన్నాడు. ముందు వరసలో కుర్చీలో కూర్చున్న సంఘ పెద్ద తల ఊపాడు. ఇప్పుడాయనకు చెవులు సరిగా వినిపించవు.

నేను లేచాను.

"ఇరవై ఏండ్ల కింద వాగుల బాప్తిస్మం కావాలని ఈయన అడిగిండని మీరందరు అనుకుంటున్నరు. నేను గూడ అనుకున్న. ఈయనతోని అడిగిపిచ్చింది మా నాయిన. ఆయనకు ధైర్యం లేక ఈయనను ముందుకు తోసిండు. ఈయన పని పోయింది, డోలక్ పోయింది. అయినా మా నాయిన పేరు ఒక్కనాడు తీయలే. నేను ఈయనను పదిమందిల తిట్టిన. అప్పుడు గూడ చెప్పలే. గంతే."

కూర్చున్నాను. సగం మంది కొత్తవాళ్ళు, ఏ వాగో, ఏ బాప్తిస్మమో వాళ్ళకు తెలియదు. ఒక కుర్రాడు ఫోను చూసుకుంటున్నాడు. నా వయసు ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సంఘ పెద్ద పక్కవాణ్ణి, "ఏమన్నది?" అని అడిగాడు. పక్కవాడు ఆయన చెవి దగ్గర మళ్ళీ మొత్తం చెప్పాడు. ఆయన చేతికర్ర మీద గడ్డం ఆనించి కింద చూస్తూ ఉండిపోయాడు. పాస్టరు ఏం చేయాలో తోచక ప్రార్థన చేద్దామన్నాడు.

బయట అతని భార్య చెప్పుల దగ్గర నిలబడి ఉంది. లోపల జరిగిందంతా గుమ్మంలోంచే విన్నది. నేను చేతులు జోడించబోతే పట్టుకుంది.

"అక్కా, ఆ రోజు మీకు తెల్సు గద. నన్ను చెంప మీద కొట్టాల్సింది" అన్నాను.

"తెల్సు, నాకొక్కదానికే చెప్పిండు. కోపమొచ్చింది సిస్టరమ్మా, అబద్ధమెందుకు. చెప్పేస్త అని ఆటోల లొల్లి పెట్టుకున్న. ఆయన ఏమన్నడో ఎర్కనా? 'అయ్యగారి బిడ్డకు అయ్యగారంటె ఎంత ప్రేమనో చూసినవా. మనం మాట నిలబెట్టుకున్నట్టే' అన్నడు. ఇంటికి పొయ్యేదాక ఖుషీగనే ఉండె."

ఇడ్లీ బండి సాయంత్రం నుంచి మళ్ళీ తెరవాలంది. నన్ను ఒకసారి రమ్మంది. వస్తానన్నాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"చెప్పినవా?"

"చెప్పిన."

"మీ నాయిన పేరు తీస్కున్నవా?"

"తీస్కున్న."

అమ్మ చేతులు చీర కుచ్చిళ్ళ మీద కాసేపు ఆడాయి. తర్వాత అడిగింది. "వచ్చే ఆదివారం నన్ను గూడ తోల్కపోతవా?"

"పోదాం."

"వాడున్నప్పుడు రావాల్సింది బిడ్డా. ఒక్కసారన్న."

"అవునమ్మా" అన్నాను. అలా అనొద్దని, నీ తప్పేం లేదని చెప్పడానికి నాకు ఓపిక లేకపోయింది. అది నిజమూ కాదు. ఆమె పక్కన గుమ్మం మీదనే కూర్చున్నాను.